మొదటి మునక

ఉదయం ఏడుంపావుకి మూత తీసి చూసేసరికి తొట్టిలో మైనం ఇంకా సగం గడ్డగానే ఉంది. అంచుల వెంట కరిగి నీళ్లలా ఉన్నా, నడుమ తెల్లటి దిమ్మ కదలకుండా కూర్చుంది. మైనం బాబాయి కర్ర గరిటెతో దాన్ని ఒకసారి నొక్కి చూసి, మూత మళ్లీ పెట్టి, గోడ గడియారం వంక చూశాడు. ఇంకో గంటన్నర. ఈలోగా తువ్వాళ్లు మడతపెట్టుకోవచ్చు, బల్లలు తుడుచుకోవచ్చు, కిటికీ రెక్క తీసి నిన్నటి వాసన బయటికి పంపొచ్చు. ఇవన్నీ ఆయన ఇదే వరసలో చేస్తాడు. ఒక్కటి అటూ ఇటూ అయినా ఆ రోజంతా చెప్పులు కుడీ ఎడమా మారినట్టు ఉంటుంది.

ఆస్పత్రి వెనకవైపు, ఎక్స్‌రే గదికీ మెట్లకీ మధ్య ఇరుక్కున్న ఈ గదిలో చేసే వైద్యం చాలా సులువు. కీళ్లు పట్టేసినవాళ్లు వస్తారు. కరిగిన మైనంలో చేతులు ముంచి తీస్తారు. ఒక పొర అంటుకుంటుంది. మళ్లీ ముంచితే ఇంకో పొర. ఏడు మునకలయ్యేసరికి చేతికి మందపాటి తెల్ల తొడుగు తయారవుతుంది. దాని మీద ప్లాస్టిక్ సంచీ, సంచీ మీద తువ్వాలు చుట్టి ఇరవై నిమిషాలు కూర్చోబెడితే వేడి ఎముకల దాకా దిగి, బిగుసుకున్న వేళ్లు కాస్త కదులుతాయి. ఇందులో డాక్టర్లు చెయ్యగలిగింది పెద్దగా లేదు. ఉన్న పనల్లా మైనం ఎంత వేడిగా ఉందో చూసుకోవడమే. యాభై రెండు డిగ్రీలు ఉండాలి. యాభై నాలుగు దాకా పరవాలేదు. అరవై దాటిందంటే చర్మం కమిలిపోతుంది. ఆ చూసుకునే పని ఇరవై ఆరేళ్లుగా బాబాయిది. తల్లిదండ్రులు పెట్టిన పేరు హాజరు పట్టీలో మాత్రం ఉంది. ఆస్పత్రిలో పెద్దా చిన్నా అందరికీ ఆయన మైనం బాబాయే.

బాబాయి పొట్టి మనిషి, ముందుకి వంగి నడుస్తాడు. తల మీద వెంట్రుకలు ఎప్పుడో సెలవు తీసుకుంటే, ఆ లోటు తీర్చడానికన్నట్టు కనుబొమలు గుబురుగా పెరిగాయి. చొక్కా మోచేతుల దగ్గర మైనం మరకలు ఎంత ఉతికినా పోవు. అయితే ఎవరైనా ముందు చూసేది ఆయన చేతుల్ని. అరవైకి దగ్గరపడ్డ ఆ ముఖానికీ ఆ చేతులకీ పొంతన ఉండదు. ముడత లేదు, గరుకు లేదు. రోజూ మైనంలో మునిగి మునిగి నున్నగా, లేతగా, పెళ్లికూతురి దగ్గర అరువు తెచ్చుకున్నట్టు ఉంటాయి. “ఏం రాస్తావు బాబాయ్, మాకూ చెప్పకూడదూ” అని రోగుల్లో ఆడవాళ్లు ఆటపట్టిస్తారు. ఆయన సిగ్గుపడి చేతులు తువ్వాలు కింద దాచుకుంటాడు.

ఆ సిగ్గు వెనక ఇప్పుడు ఇంకో సంగతి కూడా ఉంది. ఎనిమిది నెలలుగా ఆ చేతులకి వేడి తెలియడం లేదు.

మొదట వేళ్ల చివర్లు మొద్దుబారాయి, తర్వాత అరచేతులు, తర్వాత మణికట్ల దాకా. ఒక ఆదివారం ఇంట్లో పొయ్యి మీది గిన్నెని గుడ్డ పట్టుకోకుండా దించేశాడు. భార్య చూసి, “అయ్యో, చెయ్యి కాలుతుందండీ!” అని కంగారుపడి, కాలలేదంటే, “ఇరవై ఆరేళ్లు మైనంలో నానిన చేతులు, వాటికేం” అని మురిసిపోయింది. బాబాయి నవ్వి ఊరుకున్నాడు. ఆ పూటే తలుపు చాటుకి వెళ్లి అగ్గిపుల్ల గీసి మంట దగ్గర వేలు పెట్టి చూసుకున్నాడు. కమురు వాసన వచ్చింది గానీ నొప్పి రాలేదు. షుగరు వల్లో, పని వల్లో ఆయన ఎవరినీ అడగలేదు. అడిగితే కాగితం మీద రాస్తారు. రాస్తే ఈ గదిలోంచి తీసి స్ట్రెచర్లు తోయడానికో, గేటు దగ్గర కూర్చోవడానికో వేస్తారు. పదవీ విరమణకి ఇంకా నాలుగు నెలలు ఉంది. ఇరవై ఆరేళ్లలో ఈ తొట్టిలో చెయ్యి పెట్టి కాల్చుకున్నవాడు ఒక్కడు లేడు. ఆ మాట చెప్పుకుని ఈ గదిలోంచే ఇంటికి వెళ్లిపోవాలని ఆయన కోరిక. లోకంలో జనం ఇంతకన్నా ఎంతో పెద్ద కోరికలు కోరుకుంటారు, సిగ్గు లేకుండా తీర్చుకుంటారు కూడా.

ఎనిమిదీ ముప్పావుకి మైనం పూర్తిగా కరిగింది. బాబాయి జేబులోంచి పాత కళ్లజోడు పెట్టె తీశాడు. అందులో కళ్లజోడు ఉండదు, మెత్తటి గుడ్డలో చుట్టిన గాజు థర్మామీటరు ఉంటుంది. ల్యాబులో పనిచేసి కాలం చేసిన స్నేహితుడొకాయన ఏనాడో ఇచ్చింది. ముందు తొట్టి నడుమ, తర్వాత హీటరు ఉన్న మూల, ఆ తర్వాత అడుగున, మూడు చోట్ల ముంచి, ప్రతిచోటా అరవై లెక్కపెట్టి, కిటికీ వెలుగులో ఎత్తి చూశాడు. యాభై రెండు, యాభై నాలుగు, యాభై రెండు. గరిటెతో అడుగు నుంచి కలిపి మళ్లీ చూశాడు. కాసేపటికి అంచు వెంట పాల మీద మీగడలా పల్చటి తెల్ల పొర కట్టడం మొదలైంది. ఆ పొర కడుతుంటే వేడి సరిగా ఉన్నట్టు. కట్టలేదంటే తొట్టి మితిమీరి కాగుతున్నట్టు.

తొట్టి ముందువైపు వేడి చూపించే ముల్లు కూడా ఉంది. అది ఎప్పుడు చూసినా యాభై రెండే చూపిస్తుంది. ఒంట్లో ఏ జబ్బున్నా బాగానే ఉన్నానని చెప్పే ముసలి బంధువులాంటిది అది. పదకొండు గంటల దాకా అది చెప్పేది నిజమే. ఆ తర్వాత హీటరు తనంతట తాను ఆగడం మానేస్తుంది, ముల్లు మాత్రం యాభై రెండు దగ్గరే నిలబడి ఉంటుంది. అక్కడి నుంచి బాబాయే స్విచ్చి దగ్గర నిలబడి పది నిమిషాలు వేసి, పది నిమిషాలు ఆపి, థర్మామీటరు చూసుకుంటూ రోగులు అయిపోయేదాకా నెట్టుకొస్తాడు. ఏడాదిన్నరగా ఈ తొట్టి ఆయన బొటనవేలి మీదే నడుస్తోంది.

ఈ సంగతి రిజిస్టరులో రాయకపోలేదు. రోజూ మూడు అంకెలు, పక్కన సంతకం, చివరి గడిలో ‘హీటరు ఆగడం లేదు, మరమ్మతు కావాలి’. ఈ విభాగం చూసే ఫిజియోథెరపిస్టు మేడమ్ నెలకోసారి వచ్చి పేజీ అడుగున సంతకం పెడుతుంది, పైన ఏముందో చూడదు. మంచి పిల్లే. బాబాయికి పిల్లలు లేరు గానీ కూతురుంటే ఆ వయసే ఉండేది. అయినా చదవదు. ఏడాది కిందట ఒకసారి విసుగెత్తి ఆ గడిలో ‘ఇది చదివినవారికి నా తరఫున టీ’ అని రాశాడు. ఇంతవరకూ టీ తాగడానికి ఎవరూ రాలేదు.

అన్ని పరీక్షలూ అయ్యాక చివరి పరీక్ష చెయ్యి. పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే చెప్పాడు, రోగి చెయ్యి కన్నా ముందు నీ చెయ్యి ముంచాలిరా అని. రోగులు కూడా అది చూసే ధైర్యం తెచ్చుకుంటారు. బాబాయి చుట్టూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, గోడవైపు తిరిగి, గరిటె కొస నుంచి ఒక్క చుక్క మైనం చెవి కింద మెడ మీద వేసుకున్నాడు. గోరువెచ్చగా, కాస్త చురుగ్గా తగిలింది. సరిపోయింది. మెడకి ఇంకా ప్రాణం ఉంది. తర్వాత మెడ గోక్కున్నట్టు నటిస్తూ ఆ చుక్కని తీసేశాడు. చెయ్యి ముంచడం జనం చూడటానికి. మెడ మీద చుక్క ఆయన చూసుకోవడానికి.

తొమ్మిదిన్నరకి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఏడాదికోసారి బయటి నుంచి వచ్చి ఆస్పత్రిలో యంత్రాలన్నీ చూసిపోయే మనిషి. ఇస్త్రీ చొక్కా, భుజాన నల్ల సంచీ, ఇంకా పద్నాలుగు గదులు చూడాలన్న నీరసం ముఖంలో. సంచీలోంచి తీగ ఉన్న చిన్న పెట్టె తీసి, తీగ కొస తొట్టి నడుమ ముంచాడు. పెట్టె మీద అంకెలు పరిగెత్తి ఆగాయి.

“యాభై రెండు పాయింటు ఒకటి. ముల్లూ యాభై రెండే. ఓకే.”

“ఇప్పుడు బాగానే ఉంటుంది సార్. పదకొండు దాటాక చూడాలి. అప్పుడు హీటరు ఆగదు.”

“పదకొండుకి నేను రెండో అంతస్తులో ఉంటాను.”

“ఒక్క రెండు నిమిషాలు కిందికొచ్చి చూస్తే...”

“పెద్దాయనా, నేను చూసినప్పుడు ఎలా ఉంటే అలా రాస్తాను. నేను లేనప్పుడు అది ఏం చేస్తుందో నాకెలా తెలుస్తుంది చెప్పు?”

ఇన్‌స్పెక్టరు తీగ తుడుచుకుంటూ బల్ల మీద కళ్లజోడు పెట్టెలో ఉన్న థర్మామీటరు చూశాడు.

“ఇదేంటి?”

“థర్మామీటరు సార్.”

“అది కనపడుతోంది. దీని సర్టిఫికెట్టు ఏది?”

“సర్టిఫికెట్టు లేదు సార్. ఉన్నది ఉన్నట్టు చెబుతుంది.”

“లోపల పాదరసం. మైనంలో పగిలిందంటే ఎవడిది బాధ్యత? సర్టిఫికెట్టు లేని వస్తువు ఈ గదిలో ఉండకూడదు. స్టోర్సులో ఇచ్చేస్తాను, కొత్తది కావాలంటే అర్జీ పెట్టుకోండి.”

ఆయన దుర్మార్గుడేం కాదు. థర్మామీటరుని గుడ్డలో జాగ్రత్తగా చుట్టి మరీ సంచీలో పెట్టుకున్నాడు. ముల్లు పక్కనే ఆకుపచ్చ లేబుల్ అంటించి, వేలితో నాలుగు మూలలూ అదిమాడు. ‘పరీక్షించబడినది. సరిగా ఉన్నది.’ కింద తేదీ. తొట్టికి తప్ప అందరికీ ఊరట కలిగించే లేబుల్.

బాబాయి ఖాళీ పెట్టె జేబులో పెట్టుకుని మేడమ్ గదికి వెళ్లాడు. ఆమె కంప్యూటరులోంచి తల తిప్పకుండానే విన్నది.

“లేబుల్ వేశారు కదా బాబాయ్. ఇంకేం భయం?”

“పదకొండు దాటాక నాకు తెలియాలి కదమ్మా, ఎంత వేడుందో.”

“మీ చెయ్యి ఉండగా థర్మామీటరెందుకు? ఆ చెయ్యి ముందు ఏ మిషనైనా దిగదుడుపే.” ఆమె అప్పుడు తలెత్తి నవ్వింది. నిజంగా అభిమానంతోనే అంది.

అక్కడే చెప్పేసి ఉంటే సరిపోయేది. బాబాయి నోరు తెరిచాడు కూడా. కానీ అభిమానంగా నవ్వుతున్న మనిషి ముందు ఆ అభిమానానికి మూలమే చచ్చిపోయిందని చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. “సరేనమ్మా” అని వచ్చేశాడు.

ఆ పూట ఉన్నది ముగ్గురే. ఇన్‌స్పెక్షనని మిగతావాళ్లని రేపు రమ్మన్నారు. ఇద్దరు పదిన్నరలోపే అయిపోయారు. మూడోవాడు దర్జీ. నలభై ఏళ్లు కత్తెర పట్టి బొటనవేలు వంకరపోయిన మనిషి, నోరు మాత్రం ఏ వంకరా లేకుండా ఆడుతుంది. ఆయన వచ్చేసరికి పదకొండు దాటింది. బాబాయి అప్పటికే హీటరు ఆపేశాడు. గడియారం చూసి పది నిమిషాలు ఆగి, గోడవైపు తిరిగి మెడ మీద చుక్క వేసుకున్నాడు. చురుక్కుమంది. ఇంకో పది నిమిషాలు ఆగి మళ్లీ వేసుకున్నాడు. ఇప్పుడు పరవాలేదు.

“ఏంటి బాబాయ్, ఈ మధ్య మెడ తెగ గోక్కుంటున్నావు? దోమలా?”

“దోమలే. నువ్వు చెయ్యి పెట్టు.”

“కాలదు కదా?”

“మొదటి మునకే చురుక్కుమంటుంది. తర్వాత అలవాటవుతుంది.”

ఈ మాట ఆయన ఇరవై ఆరేళ్లలో ఎన్ని వేల సార్లు చెప్పి ఉంటాడో. అబద్ధం కాదు. మొదటి పొర చేతికి అంటుకున్నాక, తర్వాతి వేడిని అదే ఆపుతుంది. వణికేవాళ్లు, పారిపోదామనుకునేవాళ్లు కూడా ఈ ఒక్క మాట పట్టుకుని రెండో మునకకి చేతులు దించుతారు. దర్జీ కూడా దించాడు. ఇరవై నిమిషాలూ ఊళ్లోవాళ్ల నడుం కొలతల మీద పరాచికాలాడి, తొడుగు ఒలిపించుకుని, బొటనవేలు నాలుగుసార్లు ఆడించి చూసుకుని వెళ్లిపోయాడు.

గది ఖాళీ అయింది. పన్నెండు కావడానికి ఐదు నిమిషాలుంది. మైనం చల్లబడి అంచున మందంగా పేరుకుంటోంది. బాబాయి స్విచ్చి వేసి, తొందరగా కాగుతుందని మూత పెట్టాడు. పది నిమిషాలు, అంతే, అనుకున్నాడు. ఇవాళ ఇంకో మనిషి రావాలి. ఆయన భార్య.

ఆవిడ వేళ్లు పట్టేసి పన్నెండేళ్లయింది. మొదటి ఏడాదే అడిగింది, “అందరి చేతులూ ముంచుతారు కదా, నావీ ఒకసారి ముంచరాదూ?” అని. రూల్సు ఒప్పుకోవన్నాడు. నిజానికి ఏ రూలూ లేదు. కౌంటరు దగ్గర టికెట్టు తీసుకుంటే చాలు, ఉద్యోగి ఇంటివాళ్లకి అదీ ఉచితం. అయినా తన భార్యని తీసుకొచ్చి నలుగురి ముందూ బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి మొహమాటం. సొంత పని పెట్టుకున్నాడంటారేమోనని బెరుకు. ఆవిడ నోట్లో నాలుక లేని మనిషి, మళ్లీ అడగలేదు. పన్నెండేళ్లలో ముందు చిటికెనవేళ్లు వంగాయి, తర్వాత ఉంగరపు వేళ్లు. సీసా మూతలు తియ్యలేక పక్కింటికి పట్టుకెళ్లేది. పోయిన వారం ఆయన ఇంటికి వెళ్లేసరికి పక్కింటావిడ ఈవిడకి జడ వేస్తోంది. ఈవిడ గోడవైపు ముఖం పెట్టి చిన్నపిల్లలా కూర్చుని ఉంది. అది చూశాక బాబాయికి ఊరివాళ్ల చేతులన్నీ బాగుచేసి సొంత మనిషిని గాలికొదిలేశానని మొదటిసారి గట్టిగా అనిపించింది. ఆ అనిపించడానికి పన్నెండేళ్లు పట్టడమే ఆయన బతుకు. నిన్న రాత్రి అన్నం దగ్గర, “రేపు రోగులుండరు, పన్నెండుకి వచ్చెయ్” అన్నాడు. ఆవిడ తినడం ఆపి, “నిజంగానా?” అంది.

తలుపులోంచి ఆయా తల పెట్టింది. “బాబాయ్, మీ ఆవిడ గేటు దగ్గరున్నారు. టికెట్టు లేదని గార్డు ఆపేశాడు.”

బాబాయి ఉన్నపళంగా బయల్దేరాడు. గార్డు కొత్తవాడు. తను ఫలానా అని చెబితే, “ఎవరైతే ఏంటండీ, నాకు చీటీ కావాలి” అన్నాడు. చీటీ కోసం వెళితే కౌంటరు పదకొండున్నరకే మూసేశారు. మళ్లీ గేటు. గార్డు తన పైవాడిని అడగాలన్నాడు. పైవాడు భోజనానికి వెళ్లాడు. ఇరవై ఆరేళ్లుగా రోజూ దాటుతున్న గేటు దగ్గర బాబాయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కన భార్య, తలకి నూనె రాసుకుని, బయటికి వెళ్లేటప్పుడు మాత్రమే వేసుకునే చెప్పులు వేసుకుని, శాలువాలో చేతులు దాచుకుని, “పోనీలెండి, ఇంకోరోజు వస్తాను” అంటూ ఉంది. చివరికి లిఫ్టు నడిపే ఆయన అటుగా వచ్చి పూచీ పడితే గార్డు పక్కకి తప్పుకున్నాడు. అప్పటికి పన్నెండున్నర దాటింది. బాబాయి ముఖం అవమానంతో ఎర్రబడి ఉంది. స్విచ్చి సంగతి ఆయన బుర్రలోంచి పూర్తిగా పోయింది.

“ఇదేనా మీ గది!” ఆవిడ గుమ్మంలోనే ఆగి చూసింది. “ఇంత శుభ్రంగా ఉంచుతారా? ఇంట్లో మంచం మీద తడి తువ్వాలు కూడా తియ్యరు.”

“ఇక్కడ జీతమిస్తారు.”

ఆవిడ నవ్వింది. తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి, ముల్లు చూసి, ఆకుపచ్చ లేబుల్ కూడబలుక్కుని చదివింది. “సరిగా ఉన్నది అని రాశారండీ.” బడిలో బహుమతి గెలిచినవాడి తల్లిలా అంది.

బాబాయి మూత తీశాడు. అంచున పొర లేదు. మైనం అద్దంలా తేటగా ఉంది. ఒక్క క్షణం చెయ్యి ఆగింది. మూత పెట్టి ఉంచితే పొర కట్టదులే అనుకున్నాడు. అదీ నిజమే. స్విచ్చి గోడకి, తలుపు చాటున ఉంది. గరిటె తీసుకుని గోడవైపు తిరగబోయాడు. కానీ ఆవిడ కళ్లార్పకుండా తననే చూస్తోంది. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆయన పని చేస్తుండగా ఆవిడ చూడటం ఇదే మొదలు.

“మీరు ముందు చెయ్యి పెట్టి చూస్తారటగా. ఏదీ, చూపించండి.”

గోడ చాటున మెడ మీద చుక్క వేసుకునే ముసలివాడిలా ఆవిడకి కనిపించడం ఆయనకి ఇష్టం లేకపోయింది. గరిటె కింద పెట్టి, చేతులు మడుచుకుని, పాతరోజుల్లోలా రెండు చేతులూ మణికట్టు దాకా దించాడు. తొందరపడకుండా పైకి తీశాడు. చేతుల మీద మైనం మెరుస్తూ తెల్లబడింది.

“చూశావా. ఏం లేదు.”

ఆవిడ కళ్లు మెరిశాయి. ఆ చూపు కోసమే ఆయన అంత పని చేశాడు.

పల్చటి తొడుగు ఒలిచేసి, ఆవిడ చేతులు కడిగి తుడిచాడు. ఉంగరం కణుపు దాటి రావడం లేదు, తొమ్మిదేళ్లుగా రాలేదు. లోహానికి వేడి ఎక్కకుండా, అందరికీ చేసినట్టే, దాని చుట్టూ గుడ్డ పట్టీ చుట్టాడు. వేళ్లు ఎడంగా పెట్టమన్నాడు. అవి ఎడం కావు, పెట్టగలిగినంత పెట్టింది. రెండు చేతులూ పట్టుకుని తనే దించాడు.

ఆవిడ భుజాలు ఎగిరిపడ్డాయి. కళ్లు గట్టిగా మూసుకుంది.

“చురుక్కుమందా?”

“ఊఁ.”

“మొదటి మునకే. ఇక అలవాటవుతుంది.”

ఆవిడ తలూపింది. రెండు, మూడు, నాలుగు. పెదవులు బిగించి లోపల్లోపలే లెక్కపెట్టుకుంది. ఏడు అయ్యాక సంచులు తొడిగి, తువ్వాళ్లు చుట్టి, కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆయన ఎదురుగా స్టూలు లాక్కుని దర్జీ సంగతి చెప్పాడు, రిజిస్టరులో టీ సంగతి చెప్పాడు. ఆవిడ నవ్వింది. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. పన్నెండేళ్లకి తీసుకొచ్చాను కదా, మనసు కరిగిందిలే అనుకున్నాడు బాబాయి. జీవితంలో ఒక మంచిపని చేశానని ఆ ఇరవై నిమిషాలూ నిజంగా నమ్మాడు.

తువ్వాళ్లు విప్పి, మణికట్టు దగ్గర గోటితో పట్టి తొడుగు ఒలిచాడు. చెక్కుచెదరకుండా చెయ్యి ఆకారంలోనే ఊడొచ్చింది. రెండోది కూడా. లోపల చేతులు కందగడ్డల్లా ఉన్నాయి. వేళ్ల సందుల్లో, మణికట్టు మీద నీటి బుడగలు లేచాయి.

బాబాయి తలుపు చాటుకి పరిగెత్తి చూశాడు. స్విచ్చి వేసే ఉంది. దాన్ని ఆపి వెనక్కి వచ్చి, ఆవిడ చేతులు కుళాయి కింద పెట్టి నీళ్లు వదిలాడు.

“ఎందుకు చెప్పలేదే! నోరు లేదా నీకు?”

“మీరు పెట్టారు కదండీ. మీకేం కానిది నాకెందుకవుతుంది అనుకున్నా.” “మొదటిదే చురుక్కుమంటుందన్నారు. ఇలాగే ఉంటుందేమో అనుకున్నా.”

నీళ్లు పారుతున్నాయి. ఆవిడ చూపు తన చేతుల మీంచి, వాటిని పట్టుకున్న చేతుల మీదికి మళ్లింది. ఆయన నున్నటి చేతులు కూడా మణికట్టు దాకా ఎర్రబడి ఉన్నాయి. బొటనవేలి మొదట్లో బుడగ ఒకటి చితికి నీరు కారుతోంది. ఆయన దాన్ని చూడనే లేదు.

“మీకు తెలియడం లేదా?”

బాబాయి కుళాయి ఇంకాస్త తిప్పాడు.

“ఎన్నాళ్ల నుంచి?”

“ఎనిమిది నెలలు.”

ఆవిడ మెల్లగా అంది. “ఆ గిన్నె దించిన రోజు... నేను మురిసిపోయాను కూడా.”

మేడమ్ వచ్చేసరికి ఇద్దరూ ఒకే కుళాయి కింద నాలుగు చేతులూ పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఆమె హడలిపోయింది. పరిగెత్తి మందు తెచ్చి, ముందు ఆవిడకి, తర్వాత ఆయనకి తన చేత్తోనే రాసింది. “మీ చేతులెందుకు కాలాయి బాబాయ్?” అంటే ఆయన ఉన్నదంతా చెప్పేశాడు. ఎనిమిది నెలలు నోట్లో నానిన మాట రెండు నిమిషాల్లో అయిపోయింది. మేడమ్ తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

“పిన్నిగారికి టికెట్టు తీశారా?”

“లేదమ్మా.”

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. “అయితే రిజిస్టరులో రాయకండి. ఇవాళే లేబుల్ వేశారు. ఇవాళే ఇలా అయిందంటే ఎంక్వైరీ అంటారు, మీ దాకా వస్తుంది, నా దాకా వస్తుంది. మీకు నాలుగు నెలలే ఉంది. ఈ నాలుగు నెలలూ సెలవు పెట్టండి, నేను చూసుకుంటాను. టికెట్టు లేని మనిషి ఇక్కడికి రానట్టే కదా.”

“అవునండీ,” అంది భార్య వెంటనే. మందు రాసిన చేతుల్ని ఎవరికీ తగలకుండా గాల్లో పట్టుకుని ఉంది. “నేను రానేలేదు.”

బాబాయి భార్య వంక చూశాడు. ఇరవై ఆరేళ్లలో కాలినవాడు ఒక్కడు లేడన్న మాట ఇంకా బతికే ఉంది. ఆవిడే దాన్ని తెచ్చి ఆయన ముందు పెట్టింది, కాలిన చేతులతో. తీసుకుంటే చాలు, ఎవరూ కాదనరు. ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది.

రిజిస్టరు తీశాడు. పెన్ను వేళ్లలో నిలవక రెండుసార్లు జారింది. ఉదయం రాసిన అంకెల కింద మూడు గడులున్నాయి, నడుమ ఎంత, మూల ఎంత, అడుగున ఎంత అని. మూడింటిలోనూ ‘తెలియదు’ అని రాశాడు. చివరి గడిలో, ‘ఇద్దరికి కాలింది. ఒకరు నా భార్య. టికెట్టు తియ్యకపోవడం నా తప్పు. నా చేతులకి ఎనిమిది నెలలుగా వేడి తెలియదు. తొట్టి వాడొద్దు.’ సంతకం పెట్టాడు. మేడమ్ పక్కన నిలబడి, జీవితంలో మొదటిసారి ఆ పేజీ పై నుంచి చదివింది. ముందు పేజీ తిప్పింది. ‘మరమ్మతు కావాలి.’ దాని ముందుది. ‘మరమ్మతు కావాలి.’ ప్రతి నెలా చివర తన సంతకం. ఆమె ముఖం పాలిపోయింది. ఇంకా గబగబా వెనక్కి తిప్పుతూ ఒకచోట ఆగింది.

“ఇదేంటి బాబాయ్... టీ?”

“ఆ రోజు దాటిపోయిందిలేమ్మా.”

తొట్టి తీగ ప్లగ్గులోంచి లాగి చుట్టచుట్టి పక్కన పెట్టాడు. ఒలిచిన మైనం ఎప్పుడూ తిరిగి తొట్టిలోనే పడెయ్యాలి. భార్య తొడుగులు రెండూ చేతిలోకి తీసుకున్నాడు గానీ పడెయ్యలేక మూత మీద పెట్టేశాడు. తాళం చెవి బల్ల మీద ఉంచాడు. భార్యకి చెప్పులు తొడిగి, మోచెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ తీసుకెళ్లాడు. గేటు దగ్గర గార్డు లేచి, “బాబాయిగారూ, ఇందాక తెలియక...” అన్నాడు. ఆయన వినిపించుకోలేదు.

మర్నాడు ఆయన రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. రెండు రోజులకి మేడమ్ ఆ గది తాళం తీసింది. కిటికీ తెరవక గదంతా మైనం వాసన. తొట్టిలో మైనం అడుగు దాకా గడ్డకట్టింది. ముల్లు పక్కన ఆకుపచ్చ లేబుల్ నాలుగు మూలలా అంటుకునే ఉంది. రిజిస్టరులో ఆఖరి పేజీ లేదు, కుట్టు దగ్గర చించిన అంచు మాత్రం ఉంది. దాన్ని చించిన మనిషి ఆ వైపు చూడకుండా కిటికీ దగ్గరికి వెళ్లి రెక్క తీసింది. వెలుతురు వచ్చి తొట్టి మూత మీద పడింది. అక్కడ రెండు మైనం తొడుగులు పక్కపక్కన, వంగిన వేళ్లు పైకి పెట్టుకుని ఉన్నాయి, ఒకదానికి ఉంగరం దగ్గర గుడ్డ పట్టీ ఇంకా అంటుకునే ఉంది.